పెరట్లో వాలే హమ్మింగ్‌బర్డ్ ఏదో తేల్చుకోవడం ఎలా

చిట్టితల్లీ,

కాలిఫోర్నియాలో, మీ ఫ్రీమాంట్ ఇంటి పెరటి సాల్వియా పూల మీద వాలిన పిట్ట ఫొటో చూశాను. గొంతు నల్లగా ఉందని బ్లాక్‌చిన్డ్ రకం హమ్మింగ్‌బర్డ్ అనుకున్నావు. నవంబరులో మీ దగ్గర బ్లాక్‌చిన్డ్ ఎక్కడిదమ్మా? అది అన్నాస్ అనే రకంలో మగపిట్ట. దాని గొంతు మీది మెరుపు ఈకలకు అద్దిన రంగు కాదు, నెమలి ఈకలోలా వెలుగు పడే కోణాన్ని బట్టి పుట్టేది. నీడలో మసిబొగ్గులా ఉంటుంది. తల ఇటు తిప్పిందా, గొంతూ నెత్తీ ఒక్కసారి గులాబి రంగులో భగ్గుమంటాయి. ఆడదానికైతే గొంతు మధ్యలో చిన్న ఎర్ర మచ్చ, అంతే.

అందుకే రంగు చివర చూడు. ముందు నెల, తర్వాత చోటు. మీ ఊళ్ళో ఏడాది పొడుగునా ఉండేది అన్నాసే. తోటల్లో, యూకలిప్టస్ చెట్లలో, డిసెంబరు నుంచే గూడు కట్టేస్తుంది. బ్లాక్‌చిన్డ్ ఏప్రిల్‌లో వచ్చి సెప్టెంబరుకల్లా వెళ్ళిపోతుంది. దాన్ని లోపలి లోయల్లో, వాగుల వెంట సికమోర్ చెట్ల దగ్గర వెతకాలి. ఆలెన్స్ అనే ఇంకో రకం మీ వైపు జనవరి చివర్లో దిగుతుంది, సముద్రపు పొగమంచు తగిలే సన్నటి కోస్తా పట్టీ దానిది. లాస్ ఏంజిలిస్ వైపు వెళితే మాత్రం ఈ లెక్క పనిచేయదు, అక్కడ ఆలెన్స్ ఏడాదంతా ఉంటుంది.

తర్వాత తోక. గాలిలో నిలబడి తేనె తాగేటప్పుడు బ్లాక్‌చిన్డ్ తోకను ఆడిస్తూనే ఉంటుంది. అన్నాస్ దాదాపు కదపదు. ఫొటోలో ఇది దొరకదు, పది సెకన్ల వీడియో తీయి.

ఇటుకరంగు పిట్టలతోనే అసలు చిక్కు, ఆలెన్స్, రూఫస్ అని రెండు రకాలు. మగదాని వీపంతా ఇటుకరంగయితే రూఫస్. వీపు ఆకుపచ్చగా ఉందని వెంటనే ఆలెన్స్ అని రాసేయకు, కొన్ని రూఫస్ మగవాటికీ ఆకుపచ్చ వీపే. తోక విప్పినప్పుడు నడిమి ఈకకు పక్కనున్న ఈక కొన దగ్గర గంటు ఉంటే రూఫస్. ఈ రెండింటిలో ఆడవాటిని చేత్తో పట్టి కొలిస్తే తప్ప తేల్చలేం. "రూఫస్ లేదా ఆలెన్స్" అని రాసి వదిలెయ్.

ఊరి నుంచి మీ అత్తయ్య పంపే "హమ్మింగ్‌బర్డ్" ఫొటోలు తేనెపిట్టలవి. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాలు దాటి ఎక్కడా లేవు.

వాటికి తీపినీళ్ళు పెట్టే ఫీడర్‌లో ఒక కప్పు తెల్ల పంచదారకు నాలుగు కప్పుల నీళ్ళు. బెల్లం వద్దు, అందులోని ఇనుము వాటికి చేటు. ఎర్ర రంగు కలపకు. ఎండాకాలం రెండు రోజులకోసారి పారబోసి కడుగు.

ఈసారి సూర్యుడు నీ వెనక ఉండేలా నిలబడి, అది తల తిప్పేదాకా ఆగి తీసి పంపు.

నీ పెద్దమ్మ