చెస్ట్ వార్డుకు వెళ్తున్న మా అమ్మడికి

అమ్మడూ,

చెస్ట్ వార్డులో నర్సు డ్యూటీ నువ్వే అడిగి వేయించుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్తూ ఏడ్చింది కూడా. ఆమెకు టీబీ భయం. నాకు అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది, దాని గురించే ఎక్కువ రాస్తాను. అందరూ తప్పించుకోవాలని చూసే వార్డును కోరి తీసుకున్నావు. మీ అమ్మ ముందు గట్టిగా అనలేకపోయాను గానీ, నాకు చాలా గర్వంగా ఉంది తల్లీ.

చేతులు కడుక్కోవడం, నెబులైజేషన్ టైములు, ఆయాసపడేవాళ్ళను తల ఎత్తుగా కూర్చోబెట్టడం నీకు వచ్చినవే. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించమని చెప్పడం మాత్రం మరిచిపోకు.

శ్వాసను నిమిషం నిండా లెక్కపెట్టు. ఇక్కడ నేను కోప్పడక తప్పదు. ఏ వార్డులో చార్టు తిరగేసినా అన్ని మంచాలకూ ఒకటే అంకె, 20. అది లెక్కపెట్టిన అంకె కాదని చూడగానే తెలిసిపోతుంది. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని ఛాతీని గమనించు, లెక్కపెడుతున్నావని తెలిస్తే మనిషి ఊపిరి మారిపోతుంది. పెద్దవాళ్ళకు నిమిషానికి 12 నుంచి 20 వరకు మామూలే. ఇది 25కు ఎక్కిందంటే, శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 96 చూపిస్తున్నా సరే, డాక్టర్‌ను పిలువు. శాచురేషన్ పడిపోకముందే ఊపిరి వేగం చెప్పేస్తుంది. ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు అనగలుగుతున్నారో కూడా చూడు. ఆస్తమా ముదిరిన మనిషికి పిల్లికూతలు ఆగిపోయాయి, కానీ మనిషి సోలిపోతున్నాడు అనుకో, తగ్గిందని సంతోషించకు. గాలి ఆడటం లేదు కాబట్టే ఆ చప్పుడు లేదు.

ఆక్సిజన్ కూడా మందే, దానికీ డోసు ఉంది. చాలామందికి శాచురేషన్‌ను 94 నుంచి 98 మధ్య ఉంచుతాం. సీఓపీడీ, అంటే ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో గాలి సరిగ్గా ఆడని జబ్బు, దానివల్ల ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే అవకాశం ఉన్నవాళ్ళకు మాత్రం 88 నుంచి 92 చాలు. పక్కనున్న బంధువులు "సిస్టర్, 90 యే ఉంది, పెంచండి" అని బతిమాలతారు. వాళ్ళ టెన్షన్ చూసి చెయ్యి ఆక్సిజన్ ధారను పెంచి తగ్గించే ఫ్లోమీటర్ మీదికి పోతుంది. పోనివ్వకు. పెంచితే అంకె బాగుపడుతుంది, మనిషి మత్తులోకి జారతాడు. మధ్యాహ్నం కబుర్లు చెప్పినవాడు రాత్రి లేపినా సరిగ్గా పలకడం లేదంటే నిద్ర అనుకోవద్దు. ఇలాంటివాళ్ళకు ఆక్సిజన్‌ను కొలిచినట్టు ఇంత శాతమని ఇచ్చే వెంచురీ మాస్క్ ఉంటే మంచిది, నీలం రంగుది 24 శాతం, తెల్లది 28 శాతం ఇస్తుంది. మామూలు ఫేస్ మాస్క్‌ను మాత్రం ఎప్పుడూ నిమిషానికి 5 లీటర్ల కంటే తక్కువలో పెట్టకు, వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తారు.

ఇక నా భయం. ఐసీడీ, అంటే ఛాతీలో చేరిన గాలినో నీటినో బయటికి తీయడానికి వేసే ట్యూబ్. దాని రెండో కొన నీళ్ళున్న సీసాలో ఉంటుంది.

నేను స్టూడెంట్‌గా ఉన్న రోజుల్లో ఒక కుర్రాడు ఉండేవాడు. ఛాతీలో గాలి చేరి ఒక ఊపిరితిత్తి ముడుచుకుపోతే ట్యూబ్ వేశారు. సీసాలో బుడగలు బాగా వస్తున్నాయి. ఎక్స్‌రేకు తీసుకెళ్ళాలి. సీసా ఒలుకుతుందేమోనని డ్యూటీలో ఉన్న సిస్టర్ ట్యూబ్‌కు రెండు ఫోర్సెప్స్ బిగించి, సీసా కాళ్ళ దగ్గర పెట్టి, పైన దుప్పటి కప్పింది. ఆమె నిర్లక్ష్యపు మనిషి కాదు, మా అందరికంటే శ్రద్ధగా పనిచేసేది. అంతకుముందంతా ఛాతీలో నీరు చేరినవాళ్ళను చూసింది. అక్కడ ట్యూబ్ బిగించడం సబబే, నీరు ఒకేసారి లీటరున్నర దాటి పోతే ఊపిరితిత్తి ఉన్నట్టుండి సాగి ఉబ్బిపోతుంది కాబట్టి మధ్యలో ఆపుతారు. చెయ్యి ఆ అలవాటులోనే పనిచేసింది.

నేను ఫైలు పట్టుకుని ట్రాలీ వెనక నడుస్తున్నాను. లిఫ్ట్ దగ్గర ఆగాం. కుర్రాడు అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాడు. చెమటలు, మెడ నరాలు ఉబ్బడం, మాట రాకపోవడం. భయపడుతున్నాడని ఒకరు, ఆక్సిజన్ పెంచమని ఒకరు. దుప్పటి ఎవరూ తియ్యలేదు. లోపల ఊపిరితిత్తి నుంచి కారే గాలికి బయటికి దారి లేదు, అది గుండెను పక్కకు నెడుతోంది. పరుగున వచ్చిన డాక్టర్ దుప్పటి లాగి ఫోర్సెప్స్ తీసేశాడు. సీసాలో నీళ్ళు ఒక్కసారిగా ఎగిశాయి. కుర్రాడు బతికాడు. అయినా ఇప్పటికీ దుప్పటి కప్పి ఉన్న ట్రాలీ ఎదురుపడితే నా చూపు ముందు సీసా కోసమే వెతుకుతుంది.

అందుకే చెప్తున్నా, డ్యూటీ తీసుకునేటప్పుడు ప్రతి ట్యూబ్ దగ్గరా అడుగు: ఇది గాలికా, నీటికా? బుడగలు వస్తున్న ట్యూబ్‌ను ఎవరు చెప్పినా బిగించి తీసుకెళ్ళనివ్వకు. సీసా నిటారుగా, ఛాతీకి కిందుగా, అందరికీ కనపడేలా ఉండాలి. లోపలి గొట్టం కొన నీళ్ళలో 2 సెంటీమీటర్లు మునిగి ఉండాలి. ఊపిరితో పాటు ట్యూబ్‌లో నీళ్ళు పైకీ కిందికీ ఆడుతుంటే దారి తెరిచి ఉన్నట్టే. ఆడటం ఆగితే ముందు ట్యూబ్ మెలిపడిందా, మనిషి దాని మీద పడుకున్నాడా చూడు. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకున్నా ఆగుతుంది, కానీ ఆ తీర్పు డాక్టర్‌ది. సీసా పగిలితే ట్యూబ్ కొనను స్టెరైల్ వాటర్‌లో ముంచి పట్టుకుని కేకెయ్యి. ఒక స్టెరైల్ వాటర్ బాటిల్ ఎప్పుడూ ఆ మంచం పక్కనే పెట్టించు. డబ్బు దండగ అని ఎవరైనా అంటే నా పేరు చెప్పు.

రాత్రిళ్ళు ఆయాసపడేవాళ్ళు నిద్రకు భయపడతారు, పడుకుంటే ఊపిరి ఆగిపోతుందని. వాళ్ళను మాట్లాడించకు. అవును, కాదు అని తల ఊపితే సరిపోయేలా అడుగు. ముందుకు వంగి చేతులు ఆనించుకోవడానికి బల్ల మీద దిండు పెట్టు. ముఖానికి చల్లగాలి తగిలేలా ఫ్యాన్ తిప్పు, చాలామందికి అది నిజంగా హాయినిస్తుంది. పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా ఊపిరి వదలమని నువ్వు చేసి చూపించు, నీతో పాటు వదులుతారు. చిన్నప్పుడు నీకు దగ్గు వచ్చిన రాత్రుళ్ళలో మీ అమ్మ నిన్ను భుజాన వేసుకుని గదంతా తిరిగేది. ఓపిక ఆమె దగ్గర నుంచే వచ్చింది నీకు.

ఇక మీ అమ్మ భయం సంగతి. ఎన్95 ముఖానికి అతుక్కుందో లేదో ప్రతిసారీ చూసుకో, ముక్కు కింద వేలాడేసుకుని తిరిగావని తెలిస్తే ఊరుకోను. కఫం పరీక్షకు ఇచ్చేవాళ్ళను మూసిన గదిలో దగ్గనివ్వకు, గాలి ఆడే చోటికి పంపు. కిటికీలు తెరిపించు. వేళకు తిను, ఒళ్ళు హూనం చేసుకోకు. నీకే రెండు వారాలకు మించి దగ్గు ఉన్నా, సాయంత్రాలు జ్వరం తగులుతున్నా, బరువు తగ్గినా వెంటనే పరీక్ష చేయించుకో. నర్సులు ఈ విషయంలో చాలా మొండివాళ్ళు, నువ్వు అలా చేయకు. మీ అమ్మకు చెప్పలేకపోతే నాకు చెప్పు, ఏ వేళైనా ఫోన్ ఎత్తుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ