రోడ్డు పనుల తనిఖీకి ఇంటర్న్‌గా వెళ్ళొచ్చా?

సందేహం: అక్కా, ఒహాయోలో సివిల్ ఎం.ఎస్. మొదటి ఏడాది పూర్తి కావస్తోంది. వేసవికి రాష్ట్ర రహదారుల శాఖలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. రోడ్డు పనుల తనిఖీ అట. "ఎండలో రోడ్డు మీద నిలబడడానికా నిన్ను అమెరికా పంపింది?" అని నాన్న బాధపడుతున్నారు. చేరాలా, వద్దా?

చేరమ్మా. 14 ఏళ్ళ కిందట నేనూ ఇలాంటి వేసవి పనితోనే మొదలుపెట్టాను. ఇప్పటికీ ఇదే రంగంలో ఉన్నాను.

ముందు కాగితాల సంగతి. సీపీటీ (చదువులో భాగంగా పనిచేయడానికి ఇచ్చే అనుమతి) రాసి ఉన్న కొత్త ఐ-20, అంటే యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం, నీ చేతికి వచ్చాక, అందులో ఉన్న తేదీ నుంచే పనికి వెళ్ళు. ట్రైనింగ్ ఒక్క రోజే కదా అని ముందే పోవద్దు. మూడు నెలల సీపీటీ వల్ల ఓపీటీకి, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతికి, నష్టం లేదు, ఫుల్‌టైమ్ 12 నెలలు నిండితేనే ఇబ్బంది. ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్ళకు మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్ళలో మామూలుగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు ఉండవు. మొదటి జీతం చీటీలో కోత కనిపిస్తే వెంటనే పేరోల్ వాళ్ళకు చెప్పు. డ్రైవింగ్ లైసెన్స్ లేకపోతే ఇప్పుడే తెచ్చుకో, సైట్లకు బస్సులు వెళ్ళవు.

ఇక పని. కాంక్రీటు బలం చూడడానికి మనం ఇండియాలో 150 మి.మీ. క్యూబ్‌లు పోసి పగలగొట్టాం, ఇక్కడ సిలిండర్లు. తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసే స్లంప్ కోన్‌ను మా కాలేజీలో నాలుగు పొరలుగా నింపేవాళ్ళం, ఇక్కడ మూడు. పొరకు కడ్డీతో 25 పోట్లు మాత్రం రెండు చోట్లా ఒకటే. కాంక్రీటులో గాలి శాతం కొలవడం మాత్రం గుంటూరులో చదివినప్పుడు నేను ఒక్కసారీ చేయలేదు. మనకు ఆ అవసరం పడదు. ఒహాయో చలికి కాంక్రీటులోని నీరు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చోటు దొరకాలని సన్నటి గాలి బుడగలు ఉండేలా కావాలనే కలుపుతారు. అవి చాలకపోతే కొన్ని చలికాలాలకే పైభాగం పెచ్చులుగా లేచిపోతుంది. ఆ గాలి కొలిచే మీటర్ పట్టుకునేది చాలాసార్లు నువ్వే.

కొలతల దగ్గరా జాగ్రత్త. రోడ్డు డ్రాయింగుల్లో అడుగును పది భాగాలు చేస్తారు. 0.5 అడుగు అంటే 6 అంగుళాలు, 5 కాదు. స్టేషన్ 12+50 అంటే లెక్క మొదలైన చోటి నుంచి 1,250 అడుగులు.

నాకు నిజంగా కష్టమైంది ఇవేవీ కాదు. నాన్న వయసున్న ఫోర్‌మ్యాన్‌తో "ఇది కుదరదు" అని చెప్పడం. మొదటి వేసవిలో ఒక కల్వర్టు గోడ పోస్తున్నప్పుడు స్లంప్, అంటే కోన్ తీశాక కాంక్రీటు కుంగిన ఎత్తు, ఐదున్నర అంగుళాలు వచ్చింది. అక్కడ ఒప్పుకునేది 4 దాకానే. "పొద్దున్నుంచీ ఇలాగే వస్తోంది, ఎవరూ ఏమీ అనలేదు" అన్నాడాయన. పెద్దవాళ్ళ మాటకు తలూపే అలవాటు మనది. తలూపాను, పుస్తకంలో 4 అని రాశాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాడు నా పై ఇంజనీరుకు చెప్పేశాను. ఆయన ఆ అంకె కనపడేలాగే ఒక్క గీతతో కొట్టేయించి, పక్కన అసలు అంకె, తేదీ, నా పొడి అక్షరాలు రాయించారు. 28 రోజులకు సిలిండర్లు పగలగొట్టేదాకా నా మనసు కుదుటపడలేదు. బలం సరిపోయింది. కానీ ఆ పేజీని నేను మర్చిపోలేదు.

ఇంటర్న్‌కి కాంక్రీటు ట్రక్కును వెనక్కి పంపే అధికారం ఉండదు, ఆ టెన్షన్ నీకొద్దు. "ఇంకో నమూనా తీసి మళ్ళీ చూస్తాను" అని మర్యాదగా చెప్పి, ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చెయ్. చూసింది చూసినట్టు రాయి: ట్రక్కు టికెట్ నంబరు, వచ్చిన టైము, వాన, ఎంతమంది పనిచేశారు, ఏ యంత్రం ఖాళీగా నిలబడింది. ఏడాది తర్వాత కాంట్రాక్టరు అదనపు డబ్బు అడిగితే అందరూ వెతికేది ఆ రోజు డైరీనే. అది జనం డబ్బు తల్లీ.

ట్రాఫిక్‌కి వీపు పెట్టి నిలబడకు. వెనక్కి వస్తున్న ట్రక్కు డ్రైవర్ నీ వంక చూడలేదంటే, నువ్వు అతనికి కనపడనట్టే అనుకుని పక్కకు జరుగు. సైటులో నడుస్తూ ఫోన్ చూడకు. ఆడపిల్లవి కాబట్టి ఇంకో మాట: టాయిలెట్ దూరమని నీళ్ళు తాగడం మానేయకు. నేను అలా చేసి జూలైలో కళ్ళు తిరిగి పడిపోయాను. దగ్గర్లో టాయిలెట్ ఎక్కడుందో పొద్దున్నే అడిగి తెలుసుకో, సిగ్గుపడాల్సిన సంగతి కాదు.

నాన్నగారికి సిల్వర్ బ్రిడ్జ్ గురించి చెప్పు. 1967 డిసెంబరు 15 సాయంత్రం, మీ రాష్ట్రం అంచున ఒహాయో నది మీద, వాహనాలతో నిండి ఉండగా కూలింది. 46 మంది పోయారు. వంతెనను మోసే గొలుసులో ఒక ఇనుప కడ్డీకి వచ్చిన చిన్న పగులే కారణం. దేశమంతా వంతెనలను గడువు ప్రకారం తనిఖీ చేయాలన్న నియమాలు ఆ తర్వాతే వచ్చాయి. ఆయన కూతురు చేరబోయేది ఇలాంటి పనిలోనే.

కొన్ని రాష్ట్రాల శాఖలు వీసా స్పాన్సర్ చేయవు. కాబట్టి శాఖ తరఫున తనిఖీ చేసే కన్సల్టెన్సీ వాళ్ళతో సైటులోనే పరిచయం పెంచుకో. స్టీల్ టో బూట్లు ఇప్పుడే కొని రెండు వారాలు ఇంట్లో వేసుకుని తిరుగు, లేకపోతే మొదటి రోజే మడమలు పుండ్లు పడతాయి. టేపు కొనేటప్పుడు అడుగుకు పది భాగాల గీతలున్నదే తీసుకో.