కాపీ పేస్ట్‌తో స్క్రిప్ట్ రాశాను, నాకు కోడింగ్ వచ్చినట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు. బీకాం కంప్యూటర్స్ చివరి ఏడాది. మా నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. సీజన్‌లో రాత్రి పది దాటినా బిల్లుల ఎంట్రీ తెమలదు. అందుకని వీడియోలు చూసి ఆటోహాట్‌కీలో (మనం కొట్టాల్సిన కీలని కంప్యూటరే కొట్టేలా చేసే సాఫ్ట్‌వేర్) ఒక స్క్రిప్ట్ రాశాను. పని చేస్తోంది. కాకపోతే 12 రకాల మిర్చికి ఒకే కోడ్ 12 సార్లు కాపీ చేశాను. గత నెల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో బరువుకి ముందు కొత్త గడి ఒకటి వచ్చింది. 11 చోట్ల మార్చి తాలు (నాసిరకం మిర్చి) దగ్గర మర్చిపోయాను, ధర వెళ్లి బరువు గడిలో పడింది. ఇది కోడింగే కాదని మా అన్నయ్య అంటున్నాడు. అమీర్‌పేటలో కోర్సులో చేరనా?

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫైల్ మొదటి నుంచి చివరి దాకా చదివాను. రోజుకి లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగే సీజన్‌లో నాన్నగారి కష్టం చూసి, ఎవరూ చెప్పకుండానే దానికి దారి వెతికారు. కోర్సుల్లో నేర్పలేనిది అదే. కాబట్టి ఇప్పుడే డబ్బు కట్టకండి. ముందు ఈ వారం ఆ ఫైల్‌ని మీరే కుదించండి.

ట్యాబ్ కొట్టు, రకం పేరు టైప్ చెయ్యి, అర సెకను ఆగు, మళ్లీ ట్యాబ్, టిక్కీల సంఖ్య... ఇలా తేజకి 18 లైన్లు, 341కి 18, బాడిగకి 18. మొత్తం 216. ఒక రకానికీ ఇంకో రకానికీ వాటిలో మారేవి ఎన్నో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ చూశాను. నాలుగే: రకం, టిక్కీలు, బరువు, ధర. మిగతాదంతా అక్షరం తేడా లేదు.

ఆ మారని భాగాన్ని ఒక్కసారి ఫంక్షన్‌గా, అంటే పేరు పెట్టి ఎన్నిసార్లయినా పిలుచుకునే కోడ్ ముక్కగా, రాయండి. మారే నాలుగూ దానికి పారామీటర్లు, అంటే పిలిచిన ప్రతిసారీ ఇచ్చే విలువలు. పేరు ‘లైన్ ఎక్కించు’ అని పెట్టుకున్నారనుకుందాం. ఇక తేజ కోసం రాయాల్సింది ఆ ఫంక్షన్‌ని పిలిచే ఒకే లైన్: లైన్_ఎక్కించు("తేజ", 40, 1720, 14500). ఫంక్షన్‌కి ఇరవై, పిలుపులకి పన్నెండు, ముప్పై చిల్లర లైన్లలో పని అయిపోతుంది. లైన్లు తగ్గడం కన్నా పెద్ద లాభం ఇంకోటి ఉంది. కొత్త గడి వచ్చిన రోజు ట్యాబ్ కలపాల్సింది ఒక్కచోటే, తాలు దగ్గర మర్చిపోవడానికి చోటే ఉండదు.

ఇక ఆ అర సెకను ఆగడాలు. కంప్యూటర్ నెమ్మదించిన రోజు అవి చాలవు, మిగతా రోజుల్లో వృథా. ఫంక్షన్ మొదట్లో విన్‌వెయిట్‌యాక్టివ్ అనే కమాండ్ పెడితే బిల్లు విండో నిజంగా ముందుకు వచ్చేదాకా ఆగి, అప్పుడే టైప్ చెయ్యడం మొదలుపెడుతుంది. గడికీ గడికీ మధ్య మాత్రం కొద్దిపాటి స్లీప్ (కాసేపు ఆగమనే కమాండ్) ఉంచండి.

ఒక చోట మాత్రం జాగ్రత్త. ఆటోహాట్‌కీ రెండో వెర్షన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది, నెట్‌లో దొరికే ఉదాహరణలు చాలావరకు మొదటి వెర్షన్‌వి. రెండూ కలిపి రాస్తే ఎర్రర్లు వస్తాయి, తప్పు మీదేనని టెన్షన్ పడతారు. ఏ వెర్షన్‌దో చూసుకునే కాపీ చెయ్యండి. ఇంకోటి, ఫంక్షన్ లోపల ఒక వేరియబుల్‌కి (విలువని దాచుకునే పేరుకి) విలువ ఇస్తే, గ్లోబల్ అని చెప్పనంతవరకు బయట అదే పేరుతో ఉన్నది మారదు. మొదటిసారి రాసేవాళ్లు గంటలకొద్దీ తల పట్టుకునేది ఇక్కడే.

అలాగని అన్నిటినీ ఒకే ఫంక్షన్‌లో కుక్కకండి. తాలుకి తరుగు లెక్క వేరేగా ఉంటే, దానికోసం ఐదో పారామీటరు, ఆరో పారామీటరు చేర్చే బదులు చిన్న ఫంక్షన్ ఇంకొకటి రాసుకోవడం నయం. ఆ తర్వాత ఆ 12 పిలుపుల్ని కూడా తీసేసి, రోజువారీ లెక్కని సీఎస్‌వీ ఫైల్‌లో (కామాలతో విడదీసిన పట్టిక) పెట్టి, లూప్‌తో ఒక్కో వరుసా చదివించవచ్చు. దానికి తొందరేం లేదు.

ఉద్యోగం సంగతికి వస్తే, మీరు చేసిన పనిని కంపెనీల్లో ఆర్‌పీఏ (రోబోటిక్ ప్రాసెస్ ఆటోమేషన్) అంటారు. దానికి వాడే యూఐపాత్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక వర్క్‌ఫ్లో (పనుల వరుస) ఇంకో వర్క్‌ఫ్లోని పిలిచి ఆర్గ్యుమెంట్లు ఇస్తుంది, అంటే మీ నాలుగు పారామీటర్ల లాంటివే. వాళ్ల అకాడమీ పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. విండోస్ 11లో పవర్ ఆటోమేట్ అనే అలాంటి సాఫ్ట్‌వేరే ముందే ఉంటుంది, అందులోనూ చేసి చూడండి. బీకాం చదివి బిల్లు లెక్క తెలిసిన అమ్మాయి ఆటోమేషన్ చేస్తానంటే అది మీకు బలమే. ఇలా ఒక రెండు నెలలు ఇష్టంగా గడిస్తే అప్పుడు కోర్సు సంగతి మాట్లాడుకుందాం.

ఇంటర్వ్యూకి 216 లైన్ల పాత ఫైల్, కుదించిన కొత్త ఫైల్ రెండూ తీసుకెళ్లండి. పాతది దాచకండి. తాలు దగ్గర జరిగిన పొరపాటు కూడా చెప్పండి, ఫంక్షన్ ఎందుకు అవసరమైందో అడిగేవాళ్లకి దాంతోనే అర్థమవుతుంది. గిట్‌హబ్‌లో (కోడ్‌ని అందరికీ చూపించుకునే సైట్) పెట్టే ముందు రైతుల పేర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు అన్నీ తీసేసి, కొట్టు యజమానిని ఒక మాట అడగండి.

కొత్త స్క్రిప్ట్‌ని మొదట ఉత్తుత్తి బిల్లుల మీదే నడపండి. ఒక రోజు లెక్క నాన్నగారి చేత చేతి చిట్టాతో సరిచూపించి, అంకెలన్నీ కలిశాకే అసలు బిల్లుల మీదకి వెళ్లండి.