గొట్టం కోసేసిన తాతగారి డబుల్ బ్యారెల్ తుపాకీని బాగుచేసి గోడకు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. కానీ బాగుచేయించడం కంటే ముందు పోలీస్ స్టేషన్ పని చూడండి. తాతగారి లైసెన్స్ వారసత్వంగా మీకు రాదు. లైసెన్స్ లేని తుపాకీని దగ్గరి స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. అనుమతి లేకుండా గొట్టం పొట్టి చేయడం 1959 ఆయుధాల చట్టంలోని సెక్షన్ 6 ప్రకారం నేరం. కాబట్టి అది మీ చేతికి ఎప్పుడు, ఏ స్థితిలో వచ్చిందో రాసి ఇవ్వండి. ముందుగా ఒక లాయర్‌తో మాట్లాడితే టెన్షన్ తగ్గుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. పాతదైతే చాలు, లైసెన్స్ అక్కర్లేదు అనుకుంటారు. అదే చట్టంలోని సెక్షన్ 45(సి) ఇచ్చే మినహాయింపు, రిపేరు చేసినా పేలని ఆయుధానికే వర్తిస్తుంది. ట్రిగ్గర్ పాడైనంత మాత్రాన సరిపోదు. అధికారుల అనుమతితో, లైసెన్స్ ఉన్న డీలర్ చేత శాశ్వతంగా పనిచేయకుండా చేయించి, ఆ కాగితం భద్రంగా దాచుకోండి. ఇంట్లో మీరే వెల్డింగ్ చేయించకండి.

ఆ తర్వాతే మెరుగు. దయచేసి గరుకు కాగితం పెట్టి రుద్దకండి. పాత డమాస్కస్ గొట్టాల (ఇనుము, ఉక్కు పట్టీలు కలిపి చుట్టి చేసినవి) మీది అలల్లాంటి గీతలు, గొట్టం అడుగున ఉండే బర్మింగ్‌హామ్ (ఇంగ్లండ్), లియేజ్ (బెల్జియం) పరీక్షా ముద్రలు, అంటే గొట్టాన్ని పేల్చి పరీక్షించారని చెప్పే గుర్తులు, అరిగిపోతే తిరిగి రావు. తుప్పుకు పల్చని నూనె, బాగా సన్నని స్టీల్ వూల్ (ఉక్కు పీచు) చాలు. చెక్కకు కొద్దిగా అవిసె నూనె పట్టించండి. కోసిన గొట్టాన్ని అతికించి పొడుగు చేయించాలన్న ఆలోచన మానుకోండి, ఆ కోత కూడా దాని చరిత్రే.