మా జిల్లాలో ఎవరూ నమోదు చేయని పేడపురుగు దొరికిందనిపిస్తే ఏం చేయాలి?

అచ్చంపేట దగ్గర మీ చేలో ఆవు పేడ కింద కొమ్మున్న చిన్న పేడపురుగు దొరికిందని రాశారు. ఫొటో చూసిన మిత్రుడొకరు ఇది తెలంగాణకు కొత్త జాతి అన్నారట. దాన్ని కొత్త రికార్డుగా ఎలా నమోదు చేయాలని అడిగారు. కృష్ణకు అటూ ఇటూ ఉన్న పల్లెల్లో చాలా ఏళ్లుగా పేడపురుగులు సేకరిస్తున్నాను కాబట్టి చెబుతున్నాను: పురుగు సంగతి తేల్చేముందు పాత పటాలు తిరగేయండి.

మన దేశపు పేడపురుగులకు ఇప్పటికీ ఆధారం బ్రిటిష్ కీటక శాస్త్రవేత్త గిల్బర్ట్ ఆరో (Gilbert Arrow) 1931లో వెలువరించిన సంపుటం. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అలాంటి పాత పుస్తకాల్లో ఊళ్లూ రాష్ట్రాలూ ఆనాటి పాలన ప్రకారమే ఉంటాయి. మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం అని కనిపిస్తే ఆ చోటు చాలావరకు 1936 నుంచి ఒడిశాలో ఉంది. ఇంకా దగ్గరి ఉదాహరణ మీ ప్రాంతమే. 2014కు ముందు ‘నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం, ఆంధ్రప్రదేశ్’ అని రాసిన నమోదుల్లో కృష్ణకు ఉత్తరాన ఉన్నవన్నీ ఇప్పుడు తెలంగాణలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం కిందికి వస్తాయి. అదే ఏడు కూనవరం, చింతూరు మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా వేరైంది. అంటే మీ చేలోని పురుగు ఎప్పుడో మహబూబ్‌నగర్ పేరుతో రికార్డుల్లోకి ఎక్కి ఉండవచ్చు. ‘తెలంగాణలో తొలిసారి’ అని వచ్చే కొన్ని ప్రకటనల వెనక సరిహద్దు మారడం తప్ప మరేమీ ఉండదు. శ్రద్ధగా పనిచేసేవాళ్లు కూడా ఈ ఒక్కటీ చూసుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక గుర్తింపు. మీ వర్ణనను బట్టి అది ఓంథోఫేగస్ ప్రజాతిది కావచ్చు. ప్రపంచంలో ఈ ప్రజాతికి రెండు వేలకు పైగా జాతులున్నాయి, పై నుంచి తీసిన ఒక్క ఫొటోతో జాతి తేలదు. కొమ్మును నమ్ముకోవడం మరీ ప్రమాదం. ఈ ప్రజాతిలోని చాలా జాతుల్లో కొమ్ము మగవాటికే ఉంటుంది. అదీ పిల్లపురుగుగా ఉన్నప్పుడు దొరికిన తిండిని బట్టి పెరుగుతుంది. బాగా తిన్నదానికి పొడవాటి కొమ్ము, అర్ధాకలితో పెరిగినదానికి చిన్న బొడిపె. రెండూ ఒకే జాతి మగవే. అందుకే ఒకే చోటి నుంచి ఆడ, మగ, పెద్దవి, చిన్నవి కలిపి కొన్ని నమూనాలు కావాలి. చాలాసార్లు నిపుణులు మగదాని జననాంగాన్ని విప్పి చూస్తే గానీ పేరు చెప్పరు.

సేకరణకు పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక ప్లాస్టిక్ గిన్నెను అంచు నేలకు సమంగా ఉండేలా పాతిపెట్టి, సగం వరకు ఉప్పునీళ్లు పోసి, రెండు చుక్కల సబ్బునీళ్లు కలపండి. సబ్బు లేకపోతే చిన్న పురుగులు నీటిపై తేలి, గోడ పట్టుకుని పైకి పాకుతాయి. పిడికెడు తాజా పేడను పల్చటి గుడ్డలో మూటకట్టి, గిన్నెకు అడ్డంగా పెట్టిన పుల్లకు వేలాడదీయండి. నులిపురుగుల మందు వేసిన పశువుల పేడ వాడకండి. ఐవర్‌మెక్టిన్ లాంటి మందులు పేడలోకి వచ్చి పేడపురుగుల పిల్లలను చంపుతాయి. సాయంత్రం ఒకటి, తెల్లవారాక ఒకటి పెడితే పగటివీ రాత్రివీ వేర్వేరుగా తెలుస్తాయి. టీ వడగట్టే జల్లెడలో కడిగి చూస్తే నల్లగా ఒకేలా కనిపించినవే లెన్స్ కింద రాగిరంగులోనో, పచ్చని మెరుపుతోనో, వీపు నిండా చుక్కల్లాంటి గుంటలతోనో బయటపడతాయి. ఆ క్షణం కోసమే నేను ఈ పని చేస్తున్నాను.

ఒక జాగ్రత్త: సొంత చేలో పరవాలేదు గానీ, అమ్రాబాద్ అడవిలో అడుగుపెట్టి అటవీశాఖ అనుమతి లేకుండా చిన్న పురుగునైనా తీయకూడదు. 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది.

సూదిని కుడి రెక్కపెంకు పైభాగంలో గుచ్చాలి, కింద మధ్యకాలికీ వెనక కాలికీ నడుమ బయటికి రావాలి. మరీ చిన్నవాటిని అట్టముక్క కొసన జిగురుతో అంటించాలి. చీటీ మీద ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రంతో పాటు అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, పట్టిన పద్ధతి, మీ పేరు తప్పక ఉండాలి. రేపు జిల్లా పేరు మళ్లీ మారినా అక్షాంశ రేఖాంశాలు మారవు. నెలను రోమన్ అంకెల్లో రాయడం ఈ రంగంలో ఆనవాయితీ. 7-8 అని రాస్తే అది ఆగస్టు ఏడో, జూలై ఎనిమిదో వందేళ్ల తర్వాత చదివేవాళ్లకు తెలియదు.

తేదీ మీద నాకింత పట్టుదల వయ్యారిభామ వల్ల వచ్చింది. ఆ కలుపును తినడానికి మెక్సికో నుంచి జైగోగ్రామా బైకలరేటా అనే చారల పెంకుపురుగును తెప్పించి 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలారు. అక్కడి నుంచి అది దేశమంతా పాకింది. అది నిజంగా కొత్తగా వచ్చిన పురుగు. ఏ ఊరికి ఏ ఏడు చేరిందో చెప్పగలిగినవి ఆనాడు తేదీ వేసి దాచిన నమూనాలే. మీ పేడపురుగు విషయంలో అది ఎప్పటి నుంచో ఉండి ఎవరూ చూడలేదా, ఈమధ్యే వచ్చిందా అన్నది ఒక్క నమూనాతో తేలదు. అందుకే ఏమీ పడని రోజుల గిన్నెలను కూడా నోటుపుస్తకంలో రాయండి.

జీవుల ఫొటోలు పెట్టి గుర్తింపు అడిగే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో పై నుంచి, పక్క నుంచి, తల ముందు నుంచి తీసిన ఫొటోలు, పక్కన స్కేలుతో పెట్టండి. ఆ రంగంలో పనిచేసేవాళ్లు అక్కడే తారసపడతారు. నమూనాల కోసం హైదరాబాద్‌లోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రానికో, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరోకో ముందుగా ఉత్తరం రాసి, ఒప్పుకున్నాక పంపండి. నమూనా అక్కడి సేకరణలో చేరి నమోదు సంఖ్య పడ్డాకే ‘కొత్త రికార్డు’ అన్న మాట రాయండి. ఆ సంఖ్యను మీ వ్యాసంలో ఇవ్వండి. ఎవరైనా అనుమానపడితే వెళ్లి అదే పురుగును చూసుకోగలగాలి.