ఉమ్మడి వర్క్‌షాపును వేసవిలో తక్కువ ఖర్చుతో చల్లగా ఉంచడం ఎలా?

పలువురు కలిసి వాడుకునే వర్క్‌షాపు వేసవిలో తక్కువ ఖర్చుతో చల్లబడాలంటే, ముందుగా పైకప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేయించి, ఆ తరువాత లోపలి వేడిగాలి పైనుంచి బయటికి పోయే దారి ఏర్పరచాలి.

ఇలాంటి కట్టడాలకు తరచుగా వాడే పలుచని లోహపు రేకు, మధ్యాహ్నపు ఎండకు 60 డిగ్రీల సెల్సియస్ దాటి కూడా వేడెక్కగలదు. ఆ వేడిని అది కింద పనిచేసేవారిపైకి నేరుగా ప్రసరింపజేస్తుంది కనుక, లోపల గాలి ఎంత కదిలినా తలపై సెగ తగ్గదు. కొత్తగా వేసిన మంచి తెల్లపూత తనపై పడే ఎండలో సుమారు 80 శాతాన్ని వెనక్కి పంపుతుంది. దుమ్ము పేరుకుంటే ఈ గుణం తగ్గిపోతుంది కాబట్టి, ఏటా వేసవికి ముందు కప్పును కడిగించడం మరువకూడదు.

ఉదాహరణకు, వెల్డింగు, వడ్రంగం ఒకే షెడ్డులో జరిగే చోట, నీడవైపు గోడకు కిందిభాగాన కిటికీలు, ఎదుటి గోడకు పైభాగాన ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే, తేలికై పైకి చేరిన వేడిగాలి వెళ్లిపోయి, దాని స్థానంలోకి బయటి గాలి వస్తుంది.

లోపలి గాలిని తిప్పే మామూలు ఫ్యాన్లు గదిని చల్లబరుస్తాయన్నది చాలామందికి ఉన్న అపోహ. అవి చెమటను త్వరగా ఆరబెట్టి శరీరానికి హాయినిస్తాయే గాని గాలి ఉష్ణోగ్రతను తగ్గించవు. గాలి సుమారు 35 డిగ్రీలను మించి వేడెక్కేకొద్దీ ఆ హాయి కూడా తగ్గుతూ పోతుంది.