చిప్ ఫ్యాక్టరీలు దేశాలు మారుతున్నాయి.. ఈసీఈ విద్యార్థి ఎటు వెళ్లాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. తైవాన్‌లో ఉన్న చిప్ ఫ్యాక్టరీలు అమెరికాకు, జపాన్‌కు, మన దేశానికి వస్తున్నాయని వార్తల్లో చూస్తున్నాం. వీఎల్‌ఎస్‌ఐ (చిప్) డిజైన్ కోర్సులో చేర్పించమని కొందరు, తయారీ రంగమే మేలని ఇంకొందరు చెబుతున్నారు. ప్రభుత్వాలు మారితే ఈ ఫ్యాక్టరీలు నిలుస్తాయా? - ఒక తండ్రి

జవాబు: డిజైన్, తయారీ రెండూ వేర్వేరు దారులు. ఇక్కడ ఫ్యాబ్ (చిప్‌లు తయారు చేసే ఫ్యాక్టరీ) అనేది లేని రోజుల నుంచే హైదరాబాద్, బెంగళూరుల్లో చిప్ డిజైన్ ఉద్యోగాలు ఉన్నాయి. ఫ్యాబ్ గుజరాత్‌లోని ధొలేరాలో వచ్చినా, అమెరికాలోని అరిజోనాలో వచ్చినా ఆ ఉద్యోగాలు పెద్దగా పెరగవు, తగ్గవు. కాబట్టి ఫ్యాక్టరీలు వస్తున్నాయన్న కారణంతో డిజైన్ కోర్సుకు లక్షలు కట్టకండి. వెరిలాగ్ (చిప్ సర్క్యూట్‌ను కోడ్‌గా రాసే భాష) రాయడం, సిగ్నళ్ల టైమింగ్ సరిచూడటం, వెరిఫికేషన్ (డిజైన్‌లో తప్పులు వెతకడం) ఆమెకు నిజంగా ఇష్టమైతే అప్పుడు చేర్పించండి.

ఇక తయారీ సంగతి. 2019 జులైలో దక్షిణ కొరియాకు వెళ్లే మూడంటే మూడు ఎలక్ట్రానిక్స్ తయారీ సరుకుల మీద జపాన్ ఆంక్షలు బిగించింది: ఫోటోరెసిస్ట్, హైడ్రోజన్ ఫ్లోరైడ్, ఫ్లోరినేటెడ్ పాలీఇమైడ్. ప్రపంచంలోకెల్లా పెద్ద మెమరీ చిప్ కంపెనీలు వాటి కోసం ఉరుకులు పరుగులు పెట్టాయి. 2022 అక్టోబరులో చైనాకు అత్యాధునిక చిప్‌లు, వాటిని చేసే యంత్రాలు వెళ్లకుండా అమెరికా కట్టడి చేసింది. 2023 ఆగస్టు నుంచి చిప్‌లలో వాడే గాలియం, జెర్మేనియం ఎగుమతికి చైనా లైసెన్సు తప్పనిసరి చేసింది. అత్యాధునిక చిప్‌ల మీద సర్క్యూట్లను కాంతితో ముద్రించే ఈయూవీ లితోగ్రఫీ యంత్రాలను నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ ఒక్కటే తయారు చేస్తోంది. అంటే ఫ్యాబ్ భవనం ఏ దేశంలో కట్టినా యంత్రాలు ఒకచోటి నుంచి, రసాయనాలు ఇంకోచోటి నుంచి రావాల్సిందే. పరిశ్రమ మొత్తం ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తరలడం లేదు, తలా ఒక ముక్క పంచుకుంటున్నారు. మీ అమ్మాయికి కలిసొచ్చేది ఇదే. యంత్రాలు అమ్మే అప్లైడ్ మెటీరియల్స్, ల్యామ్ రీసెర్చ్, టోక్యో ఎలక్ట్రాన్, కేఎల్‌ఏ, ఏఎస్‌ఎంఎల్ లాంటి కంపెనీలకు ఫ్యాబ్ ఎక్కడ పెట్టినా అక్కడ ఇంజినీర్లు కావాలి.

ప్రభుత్వాలు మారితే నిలుస్తాయా అని అడిగారు. అన్నీ నిలవవు. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఫ్యాబ్ కడతామని 2022లో ఇంటెల్ ప్రకటించింది. ప్రభుత్వం దాదాపు 1,000 కోట్ల యూరోల సాయానికి ఒప్పుకుంది. అయినా 2024 సెప్టెంబరులో వాయిదా వేసి, 2025 జులైలో రద్దు చేసుకుంది. అక్కడ ప్రభుత్వం మారడం వల్ల కాదు, కంపెనీ ఆర్థిక పరిస్థితి, గిరాకీ దెబ్బతీశాయి. మరోవైపు తైవాన్ చిప్ కంపెనీ టీఎస్‌ఎంసీ అరిజోనా ఫ్యాబ్‌ను 2020 మేలో ప్రకటిస్తే, యంత్రాలు బిగించే నిపుణుల కొరతతో ఆలస్యమై, 2024 చివరి నాటికి ఉత్పత్తి మొదలైంది. అదే కంపెనీ జపాన్‌లోని కుమమోతోలో 2022 ఏప్రిల్‌లో పనులు మొదలుపెట్టి 2024 డిసెంబరుకల్లా ఉత్పత్తికి వచ్చేసింది. అక్కడ రాత్రీపగలూ నిర్మాణం సాగింది, సరఫరాదారులు చుట్టుపక్కలే ఉన్నారు, చేసేది కూడా ఎప్పుడో కుదురుకున్న టెక్నాలజీ.

అందుకే పెట్టుబడి అంకె చూసి మురిసిపోవద్దు, ప్రాజెక్టు ఏ దశలో ఉందో చూడండి. భూమిపూజ దశలో ఉంటే అవి సివిల్ ఉద్యోగాలు. క్లీన్‌రూమ్ (దుమ్ము లేని తయారీ గది) సిద్ధమై యంత్రాలు లోపలికి చేరుతున్నాయంటే ఎక్విప్‌మెంట్, ప్రాసెస్ ఇంజినీర్లను తీసుకుంటున్నారని అర్థం. కొందరిని ఇంకా ముందే తీసుకుని, టెక్నాలజీ ఇచ్చే కంపెనీ ఫ్యాబ్‌కు శిక్షణకు పంపుతారు. అరిజోనా కోసం తీసుకున్న ఇంజినీర్లను ఏడాది, ఏడాదిన్నర పాటు తైవాన్‌లో ఉంచారు. ధొలేరా ఫ్యాబ్‌కు టెక్నాలజీ ఇస్తున్నది కూడా తైవాన్ కంపెనీయే, పీఎస్‌ఎంసీ.

అంత శిక్షణ ఎందుకంటే, అదే యంత్రం, అదే రెసిపీ (యంత్రానికి ఇచ్చే సెట్టింగులు) కొత్త చోట అదే ఫలితం ఇవ్వదు. ఎచ్ ఛాంబర్‌నే తీసుకోండి, అంటే వేఫర్ (చిప్‌లు తయారయ్యే పలుచని సిలికాన్ పళ్లెం) మీద అక్కర్లేని పొరను ప్లాస్మాతో తొలిచే గది. వాడేకొద్దీ గోడలకు పాలిమర్ పొర పేరుకుంటుంది. తెరిచి శుభ్రం చేసి, అరిగిన రింగులు మార్చి మూసేస్తే పని అయిపోదు. గోడలు మళ్లీ స్థిరమైన స్థితికి రావడానికి డమ్మీ (ఉత్తుత్తి) వేఫర్లు నడపాలి. ఆ తర్వాత మానిటర్ (పరీక్ష) వేఫర్ మీద దుమ్ము కణాల లెక్క, ఎచ్ రేటు (తొలిచే వేగం), వేఫర్ మధ్యకూ అంచుకూ తేడా చూడాలి. ఒక రింగు రవ్వంత పక్కకు కూర్చున్నా అంచున ఉన్న చిప్‌లు పోతాయి. తప్పు కొలతలో దొరికేలోపు పాతిక వేఫర్లు చొప్పున ఉండే లాట్లు కొన్ని దాటిపోయి ఉంటాయి. కొత్త ఫ్యాబ్ దిగుబడి (పనికొచ్చే చిప్‌ల శాతం) నెలల తరబడి పెరగక ఇబ్బంది పడేది ఇలాంటి చోటే. ఆ కారణాన్ని పట్టుకోగలిగే ఇంజినీరుకు ఏ దేశంలోనైనా గిరాకీ ఉంటుంది.

మీ అమ్మాయికి ఇంకా మూడు సెమిస్టర్ల దాకా సమయం ఉంది కదా. సెమీకండక్టర్ డివైస్ ఫిజిక్స్, ఫ్యాబ్రికేషన్ మీద ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, అవి పూర్తి చేయమనండి. స్టాటిస్టికల్ ప్రాసెస్ కంట్రోల్ (గణాంకాలతో తయారీని అదుపులో ఉంచడం), డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ (ప్రయోగాలను పద్ధతిగా రూపొందించడం) నేర్చుకోవాలి. ఈసీఈ సిలబస్‌లో ఇవి సాధారణంగా ఉండవు, ఇంటర్వ్యూలో మాత్రం అడిగే అవకాశం ఉంది. పైథాన్‌తో కొలతల డేటా విశ్లేషించే చిన్న ప్రాజెక్టు ఒకటి చేస్తే పది సర్టిఫికెట్ల కన్నా నయం. వ్యాక్యూమ్ పంపులు, ప్లాస్మా, ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) గురించి కూడా తెలిసి ఉండాలి. ఈసీఈ వాళ్లకు ఆర్‌ఎఫ్ ముందే పరిచయం, దాన్ని వాడుకోమనండి. మొదటి ఉద్యోగానికి ప్యాకేజింగ్ (చిప్‌కు తొడుగు, కనెక్షన్లు అమర్చడం), టెస్ట్ యూనిట్లను చిన్నచూపు చూడొద్దు. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్, అస్సాంలోని జాగీరోడ్‌లో టాటా యూనిట్లు అలాంటివే. టెస్ట్ ప్రోగ్రామ్ రాయడం, ఫెయిలైన చిప్ ఎందుకు ఫెయిలైందో తేల్చడం ఈసీఈకి దగ్గరి పనులు.

విదేశాల సంగతికొస్తే పాస్‌పోర్టు కూడా అర్హతలో భాగమే. అమెరికా నిబంధనల ప్రకారం నియంత్రణలో ఉన్న టెక్నాలజీని ఆ దేశంలోనే విదేశీయుడికి చూపినా ఎగుమతి కిందే లెక్క, కొన్ని పనులకు కంపెనీ లైసెన్సు తెచ్చుకోవాలి. ఎంఎస్ చేశాక ఆఫర్ వచ్చినా కొన్ని ప్రాజెక్టులు ఆమెకు దక్కకపోవచ్చు. కుమమోతోకు జపనీస్, జర్మనీలోని చిప్ కేంద్రం డ్రెస్డెన్‌కు జర్మన్ వస్తే అవకాశాలు బాగా పెరుగుతాయి.

ఆఫర్ లెటర్ వస్తే సంతకానికి ముందు ఈ సంగతులు రాతపూర్వకంగా అడగండి: షిఫ్టు ఎన్ని గంటలు, రాత్రి షిఫ్టులు ఎలా మారుతాయి, శిక్షణ ఎక్కడ, ఖర్చు ఎవరిది, బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ప్రాజెక్టు ఆలస్యమైతే జీతం సంగతేమిటి. చివరి ప్రశ్నకు హెచ్‌ఆర్ నోటిమాటతో సరిపెడితే మళ్లీ మెయిల్ చేయండి.